పచ్చటి వాంతి, డెబ్బై కిలోమీటర్ల దారి

తెలుగు నేల మీద ఆత్మకూరులు చాలా ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి, వనపర్తి వైపు మరొకటి. ఇక్కడ చెబుతున్నది నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు గురించి. మొన్నటి దాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. తూర్పున బైర్లూటి, ఆపైన అడవి, చెంచు గూడేలు, దోర్నాల. దక్షిణాన వెలుగోడు మీదుగా నంద్యాల. పడమట నందికొట్కూరు మీదుగా కర్నూలు, దాదాపు 70 కిలోమీటర్లు.

ఈ ఊళ్లోనో, చుట్టుపక్కల పల్లెలోనో పుట్టిన రెండో రోజు బిడ్డ పచ్చగా కక్కుకుంటే ఏమవుతుంది? పిల్లల కడుపు ఆపరేషన్ల గురించి పెద్ద పుస్తకాలు చెప్పేదంతా ఈ చిన్న ప్రశ్న దగ్గరకు వచ్చి నిలబడుతుంది. బిడ్డను కోసి కుట్టే విద్య ప్రపంచంలో ఉంది, మన రాష్ట్రంలోనూ ఉంది. కానీ దానికి మూడు ఒకచోట ఉండాలి: పిల్లల సర్జన్, మూడు కిలోలైనా లేని ఒంటికి మత్తు ఇవ్వగల డాక్టరు, ఆపరేషన్ తర్వాత రాత్రింబవళ్లు కనిపెట్టుకునే నవజాత శిశువుల వార్డు. ఈ వైపు పేదవాళ్లకు ఆ మూడూ కలిసి దొరికే చోటు ఏళ్ల తరబడి కర్నూలు పెద్దాసుపత్రే. ఇటు నల్లమల పల్లెలు, అటు ఆదోని, తుంగభద్ర దాటి అలంపూరు, గద్వాల, కర్ణాటక సరిహద్దు ఊళ్లు, అందరి చూపూ దాని మీదే. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని హోదా పోగొట్టుకున్న మరుసటి ఏడు, 1957లో, అక్కడ వైద్య కళాశాల వచ్చింది. నంద్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల రావడానికి 2023 దాకా పట్టింది.

ఈ విద్య ఎంత దూరం వచ్చిందో ముందు చూద్దాం. కడుపు కోసి పేగు సరిచేయడం మనకు కొత్త ఊహ కాదు. పేగుకు పడిన చిల్లిని నల్ల చీమల చేత కరిపించి, తలలు మాత్రం అక్కడే ఉంచి మూసే పద్ధతిని సుశ్రుతుడు చెప్పాడు. అయితే పుట్టిన బిడ్డ పేగు లోపాలను సరిచేసి బతికించడం ఇరవయ్యో శతాబ్దపు పని. పాలు తాగిన ప్రతిసారీ చిమ్మినట్టు కక్కే బిడ్డకు కడుపు చివర బిగిసిన కండరాన్ని చీల్చితే చాలునని 1912లో జర్మనీ సర్జన్ రామ్‌స్టెట్ చూపించాడు. మెలిపడే పేగును సరిదిద్దే ఆపరేషన్‌ను 1936లో బోస్టన్‌లో విలియం ల్యాడ్ వివరించాడు. అన్నవాహిక మధ్యలో తెగి పుట్టిన బిడ్డకు రెండు కొసలను ఒకేసారి కలిపి కుట్టి బతికించినవాడు అమెరికాలోని కామెరాన్ హైట్, 1941లో. అంతకు ముందు ఆ లోపంతో పుట్టినవాళ్లలో దాదాపు అందరూ పోయేవాళ్లే. పేగు చివర నరాల కణాలు లేక కడుపు ఉబ్బిపోయే జబ్బును డెన్మార్క్ వైద్యుడు హిర్ష్‌స్ప్రంగ్ 1886లో వర్ణిస్తే, దానికి సరైన ఆపరేషన్ 1948లో స్వెన్సన్ చేతికి దొరికింది. పిత్తనాళం మూసుకుపోయిన పసివాడికి జపాన్‌లో కసాయ్ 1950లలో దారి చూపాడు. మలద్వారం లేని బిడ్డకు వెనక నుంచి తెరిచి, కండరాలను కంటితో చూస్తూ దారి కట్టే పద్ధతిని మెక్సికోలో ఆల్బెర్టో పేన్యా 1980లో మొదలుపెట్టాడు. ఈనాడు చిన్న చిన్న రంధ్రాల నుంచి కెమెరా పెట్టి ఇందులో చాలా పనులు చేస్తున్నారు.

విద్య ఇంత దూరం వచ్చినా బిడ్డలు ఎందుకు పోతున్నారు? దీనికి జవాబిచ్చే మంచి అధ్యయనం 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 74 దేశాల్లోని 264 ఆస్పత్రులు కలిసి, పుట్టుకతో వచ్చే ఏడు రకాల కడుపు లోపాలున్న 3,849 మంది బిడ్డలను గమనించాయి. ధనిక దేశాల్లో చనిపోయినవాళ్లు నూటికి 5.6 మంది. మనలాంటి మధ్యస్థ ఆదాయ దేశాల్లో 20.4. పేద దేశాల్లో 39.8. లోపాలు అవే, ఆపరేషన్లూ అవే. ఆస్పత్రికి చేరేసరికే రక్తానికి విషం ఎక్కిందా, ఊపిరికి యంత్రం ఉందా, నోటితో తినలేని రోజుల్లో రక్తనాళం ద్వారా పోషణ అందించగలరా అన్నవి ప్రాణాన్ని తేల్చాయి. అంటే, సర్జన్ కత్తి పట్టక ముందే సగం తీర్పు వచ్చేస్తోంది.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను. మలద్వారం లేకుండా పుట్టడం సుమారు 5,000 కాన్పుల్లో ఒకరికి. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు కూడా దాదాపు అంతే. అన్నవాహిక తెగి ఉండటం 3,000 నుంచి 4,500 కాన్పుల్లో ఒకరికి. ఏడాదికి వెయ్యి కాన్పులయ్యే ప్రాంతం తీసుకుంటే, ఒక్కో లోపం మూడు నుంచి అయిదేళ్లకు ఒకసారి కనబడుతుంది. ఒక ఏఎన్‌ఎం తన ఉద్యోగం మొత్తంలో ఏ ఒక్క లోపాన్నైనా చూసేది వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని సార్లే. అనుభవంతో గుర్తుపడుతుందిలే అని ఆమె మీద భారం వేయడం అన్యాయం. ఇలాంటి అరుదైనవి అనుభవానికి అందవు, అలవాటుకే అందుతాయి. పుట్టిన ప్రతి బిడ్డకూ, ఏ లోపం లేనట్టు కనిపించినా సరే, అవే నాలుగు సంగతులు చూసే అలవాటు కావాలి.

మొదటిది, బిడ్డను బోర్లా తిప్పి మలద్వారం సరైన చోట ఉందో లేదో కంటితో చూడటం. గుడ్డకు నల్లగా అంటింది కదా అని ఊరుకోకూడదు. ఆడపిల్లల్లో మలం వేరే దారిలో, యోని ముంగిట్లోంచి రావచ్చు. అలా వచ్చే పిల్లలు నెలలకు నెలలు, ఒక్కోసారి ఏళ్లూ, ఎవరికీ తెలియకుండా మలబద్ధకంతో పెరుగుతారు. రెండోది, తొలి నల్ల విరేచనం ఎప్పుడయింది? నెలలు నిండిన బిడ్డల్లో ఎక్కువమంది 24 గంటల్లో వెళ్తారు. 48 గంటలు దాటినా వెళ్లలేదంటే ఊరికే వదిలేయదగిన సంగతి కాదు. మూడోది, నోటి వెంట నురగ కారుతోందా, పాలు పట్టగానే పొలమారి నీలంగా మారుతోందా? అదే అయితే నోట్లో చుక్క వేయకూడదు. సన్నని గొట్టం పంపి చూడాలి, అది కడుపులోకి దిగకుండా ఆగిపోతే సంగతి తెలిసిపోతుంది. నాలుగోది, వాంతి రంగు. పాలు తెల్లగా కక్కడం బిడ్డలకు మామూలే. పచ్చగా, ఆకుపసరులా కక్కితే మాత్రం, వేరే కారణం తేలేదాకా, పేగులో అడ్డం ఉన్నట్టే లెక్క. పేగు మెలిపడిందేమో. మెలిపడిన పేగు రక్తం అందక కొద్ది గంటల్లోనే నల్లబడిపోతుంది. పేగు అంతా పోయాక ఎంత గొప్ప సర్జన్ పొట్ట తెరిచినా మూసేయడం తప్ప చేయగలిగింది ఉండదు.

కాన్పయిన తల్లినీ బిడ్డనూ ఇంటికి దించే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి మన దగ్గర ఉంది. ఆ బండి ఎక్కే ముందు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు డిశ్చార్జి కాగితం మీద రాసి ఉండాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

ప్రభుత్వం దగ్గర పిల్లల పరీక్షల పథకం లేకపోలేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అంగన్‌వాడీలకు, బడులకు వైద్య బృందాలు వెళ్లి 30 రకాల సమస్యలు వెతుకుతాయి. అది మంచి పనే, దానివల్ల ఎందరో పిల్లలకు గుండె ఆపరేషన్లు అయ్యాయి, గ్రహణ మొర్రి కుట్టారు. కానీ ఆ జాతీయ జాబితాలో పుట్టుకతో వచ్చే లోపాలు తొమ్మిది ఉన్నాయి: వెన్ను లోపం, డౌన్ సిండ్రోమ్, మొర్రి, వంకర పాదం, తుంటి కీలు, శుక్లాలు, చెవుడు, గుండె, నెలలు నిండని బిడ్డల కంటి జబ్బు. ఇందులో పేగు లేదు, మలద్వారం లేదు, అన్నవాహిక లేదు. రోజుల్లోనే ప్రాణం తీసే లోపాలకు జాబితాలో చోటు లేకపోవడం నాకు మింగుడుపడని విషయం. చాలావరకు కొన్నాళ్లు ఆగగల లోపాల్ని వెతుకుతున్నాం, అసలు ఆగలేని పేగు లోపాల్ని వదిలేశాం.

ఇక ఇంటి సంగతి. మన పల్లెల్లో పసిబిడ్డ కడుపుబ్బితే ఆముదం పోస్తారు, వసకొమ్ము అరగదీసి నాకిస్తారు, దిష్టి తీస్తారు, కొన్నిచోట్ల పొట్ట మీద వాతలు పెడతారు. ఇవన్నీ ప్రేమతో చేసేవే. బిడ్డ ఏడుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోలేక చేసేవే. అందుకే తిట్టి ప్రయోజనం లేదు. కానీ మూసుకుపోయిన పేగులోకి ఆముదం పోస్తే అది బయటికి రాక తిరిగి కక్కుగా వస్తుంది, ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాత పెట్టిన చోటే రేపు సర్జన్ కోయాల్సి వస్తుంది. మరొక సంగతి కూడా చెప్పాలి. బిడ్డ లోపంతో పుడితే గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చిందనో, మేనరికం చేసుకున్నారనో నేరం తల్లి నెత్తిన వేస్తారు. మేనరికానికి ముడిపడిన జబ్బులు వేరే ఉన్నాయి. ఈ పేగు లోపాల్లో చాలావాటికి ఫలానా అని చూపగల కారణమే దొరకదు. తల్లి చేసిన తప్పంటూ ఏమీ లేదు.

గుర్తుపట్టారు, కర్నూలుకు రాసిచ్చారు. అప్పుడు 70 కిలోమీటర్ల దారి ఉంది. ఈ దారిలో బిడ్డను ఎలా తీసుకెళ్లామన్నది ఆపరేషన్‌తో సమానమైన విషయం. ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం వేసి, అందులోని పసరును సిరంజితో లాగుతూ ఉండాలి. అది ఉంటే బిడ్డ కక్కుకుని ఊపిరాడక పోయే ప్రమాదం తప్పుతుంది. బిడ్డ ఒళ్లు చల్లబడకూడదు. తల్లి రొమ్మున ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకుని, తలకు టోపీ పెడితే చాలావరకు సరిపోతుంది. పేగులు బయటపడి పుట్టిన బిడ్డకైతే వాటిని లోపలికి నెట్టకుండా, పొడి గుడ్డ తగలనీయకుండా, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో చంకల దాకా ఉంచి పంపాలి. ముందుగా ఫోన్ చేసి చెప్పాలి. ఆత్మకూరు నుంచి నంద్యాలకు, నంద్యాల నుంచి మళ్లీ కర్నూలుకు, అక్కడ మంచం లేదని హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆస్పత్రికి అంటూ తిప్పితే, ప్రతి మెట్టు దగ్గరా కొన్ని గంటలు పోతాయి. 108 బండి 2005 నుంచి మన రోడ్ల మీద తిరుగుతోంది. బండి కొరత కన్నా, ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే తేల్చుకోకపోవడమే ఎక్కువ చేటు చేస్తోందని నా అభిప్రాయం.

కొన్ని లోపాలు కడుపులో ఉండగానే తెలుస్తాయి. అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో పేగులు బయట కనిపించవచ్చు. ఉమ్మనీరు మరీ ఎక్కువైతే అన్నవాహికనో, పైపేగునో అనుమానించాలి. అలా తెలిసిన తల్లి కాన్పు కర్నూలులోనే జరిగేలా చూస్తే ఆ 70 కిలోమీటర్లు బిడ్డకు తల్లి కడుపులోనే గడిచిపోతాయి. మలద్వారం లోపం మాత్రం స్కాన్‌లో చాలాసార్లు దొరకదు.

నెలల పిల్లలకు వచ్చేది మరొకటి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు, బొద్దుగా ఆడుకుంటున్న బిడ్డ ఉన్నట్టుండి కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ ఏడుస్తుంది, చివరికి విరేచనంలో జిగటగా నెత్తురు పడుతుంది. పేగులో పేగు దూరడం అంటే ఇదే. దీన్ని జిగట విరేచనాలనుకుని మందు పోస్తూ రెండు రోజులు ఆగడం మామూలుగా జరిగే పొరపాటు. మొదట్లోనే వస్తే, స్కానింగ్‌లో చూస్తూ మలద్వారం గుండా సెలైన్ ఎక్కించి ఆ మడతను విప్పేయవచ్చు. ఎక్కువమందికి కత్తి అవసరమే రాదు. ఇక్కడొక తెలుగు ముచ్చట ఉంది. 1999లో అమెరికాలో ఒక రోటావైరస్ టీకాను ఈ పేగు మడత భయంతోనే ఆపేశారు. తర్వాత హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాను 2016లో దేశంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ భయాన్ని మన దేశపు ఆస్పత్రుల్లోనే జాగ్రత్తగా పరీక్షించారు. టీకా వల్ల పేగు మడత పెరగలేదని 2020లో తేలింది. టీకా సందేహం ఉన్న తల్లిదండ్రులకు ఈ మాట ధైర్యంగా చెప్పవచ్చు.

కామెర్ల విషయంలో ఒక్క మాట. పుట్టిన రెండు వారాలకూ పచ్చదనం తగ్గక, విరేచనం సున్నంలా తెల్లగా, మూత్రం గుడ్డకు పసుపు మరక పట్టేలా ఉంటే, పసరు మందు కోసం తిరగవద్దు. పిత్తనాళం మూసుకుపోయి ఉండవచ్చు. కసాయ్ ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. పసరుతో ఒక నెల గడిచిందంటే కాలేయం గట్టిపడటం మొదలవుతుంది.

ఇక పెద్ద పిల్లల జబ్బులు. మన జనం 24 గంటల నొప్పి అని పిలిచే అపెండిసైటిస్ అందరికీ తెలుసు. ఆ పేరులోనే గడువు ఉంది. కానీ అయిదేళ్ల లోపు పిల్లలు నొప్పి ఎక్కడో చెప్పలేరు, వాళ్లలో చాలామందికి డాక్టరు చూసేసరికే అపెండిక్స్ పగిలి ఉంటుంది. మురికి నీళ్లతో వచ్చే టైఫాయిడ్ పేగుకు చిల్లి పెట్టేది జ్వరం మొదలైన రెండో, మూడో వారంలో. సూది మందుతో జ్వరం తగ్గినట్టే తగ్గి, హఠాత్తుగా పొట్ట గట్టిపడి బిడ్డ నీరసిస్తే అది చిల్లికి గుర్తు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకున్న మొదటి రెండు కంపెనీలూ, భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ, హైదరాబాద్‌వే. టీకా మన ముంగిట్లో తయారవుతుండగా మన పిల్లల పేగుకు చిల్లి పడటం బాధాకరం. ఏలికపాములు ఉండచుట్టుకుని పేగుకు అడ్డం పడటం ఒకప్పుడు పిల్లల వార్డుల్లో తరచూ కనిపించేది. 2015లో మొదలై, ఇప్పుడు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్ర నిజానికి శస్త్రచికిత్సను నివారించే మాత్ర. దాన్ని చిన్నచూపు చూడకండి.

ఆపరేషన్ అయిపోయాక మొదలయ్యే బతుకు గురించి రాసేవాళ్లు తక్కువ. మలద్వారం లేని బిడ్డల్లో చాలామందికి చికిత్స మూడు విడతలు. పుట్టగానే పొట్ట మీద మలానికి దారి తీస్తారు. కొన్ని నెలలకు అసలు ఆపరేషన్. ఆ తర్వాత పొట్ట మీది దారి మూసేస్తారు. ఈ నెలల్లో తల్లి పని ఏమిటో ఊహించండి. మలం పట్టే సంచులు కొనే స్తోమత ఉండదు, ఆ పొట్టకు సరిపడే చిన్న సంచులు దొరకవు. పాత నూలుచీర ముక్కలు మడతలు పెట్టి కట్టడం, గంటకోసారి మార్చడం, చర్మం పుండు పడకుండా జింక్ మలాం రాయడం. బంధువులు బిడ్డను ఎత్తుకోరు. పెళ్లిళ్లకు పిలవరు. పత్తి తీసే రోజుల్లో కూలి మానుకుని రెండో విడతకు కర్నూలు వెళ్లాలి. వెళ్లలేక ఆ దారితోనే పెరుగుతున్న పిల్లలు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. మూడు విడతలూ పూర్తయినవాళ్లలోనూ కొందరికి మలం మీద పట్టు రావడానికి ఏళ్లు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు. రోజూ ఒకే సమయానికి ఎనిమా ఇస్తే ఆ బిడ్డ రోజంతా శుభ్రంగా బడిలో కూర్చోగలడు. ఈ సంగతి తల్లికి చెప్పడానికి ఒక నర్సు అరగంట కూర్చోవాలి. ఆ అరగంటకు ఏ ప్యాకేజీలోనూ ధర కట్టలేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ పేరుతో పిలిచినా, పసిబిడ్డ పేగు ఆపరేషన్‌కు పొలం అమ్ముకోవాల్సిన అవసరాన్ని అది చాలా ఇళ్లలో తప్పించింది. ఆ పథకం తెచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో పోయింది ఈ నల్లమలలోనే. ఆయన స్మృతివనం ఆత్మకూరు మండలం నల్లకాలువలో ఉంది. ఆ పథకం కార్డు ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. పోయిన కూలిని, మూడు విడతల ప్రయాణాన్ని, ఇంట్లో వదిలిపెట్టిన పెద్దపిల్లల తిండిని పూర్తిగా భరించదు. రెండో విడతకు రాని బిడ్డను వెతుక్కుంటూ వెళ్లే మనిషి ఒకరు పథకంలోనే ఉండాలి. ఆ ఊరి ఆశా కార్యకర్తకు బిడ్డ పేరు, తేదీ కర్నూలు వార్డు నుంచి ఫోన్‌లో అందినా ఈ పని జరుగుతుంది.

కాబట్టి అడగవలసినవి పెద్ద భవనాలు కావు. పుట్టిన ప్రతి బిడ్డకు ఆ నాలుగు చూపులు, జాతీయ జాబితాలో పేగు లోపాలకు చోటు, ఆత్మకూరు ఆస్పత్రిలో పసిబిడ్డకు గొట్టం వేయడం వచ్చిన నర్సు ప్రతి షిఫ్టులోనూ ఉండటం, నంద్యాల కొత్త కళాశాలలో పిల్లల సర్జన్, పసివాళ్లకు మత్తు ఇచ్చే డాక్టరు, రెండో విడత గుర్తుచేసే ఒక ఫోన్.

ఇది చదువుతున్నవాళ్ల ఇంట్లో బాలింత ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బిడ్డ పచ్చగా కక్కితే ఆముదం సీసా తీయవద్దు, తెల్లారనీ అని ఆగవద్దు. నోట్లో ఏమీ పోయకుండా, ఒంటికి హత్తుకుని, 108కి ఫోన్ చేసి ఆ రాత్రే బయలుదేరండి.